పురిటి బిడ్డకు గోళ్లేవి?

హోసూరు: పసిబిడ్డకు నీళ్లు పోస్తూ ముందుగా గమనించేది అమ్మమ్మే. వేళ్ల కొసలు నున్నగా ఉన్నాయి, గోరన్నదే లేదు. ‘గ్రహణం నాడు వద్దంటే వినకుండా కూర తరిగింది’ అని చూడవచ్చిన వాళ్లలో ఎవరో ఒకరు అనేస్తారు. నింద బాలింత నెత్తిన పడుతుంది. హోసూరు చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో గ్రహణం పట్టింపు ఇంకా ఉంది. కానీ గోళ్లకూ గ్రహణానికీ ఏ సంబంధమూ లేదు.

కడుపులో బిడ్డకు పదో వారం నాటికే గోళ్లు మొదలవుతాయి. చేతి గోళ్లు 32వ వారానికి, కాలి గోళ్లు 36వ వారానికి వేలి కొసను అందుకుంటాయి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు అవి పొట్టిగా ఉంటే కంగారు పడనక్కర్లేదు. అసలే లేకపోతే దాన్ని అనోనికియా అంటారు. చాలా అరుదు. దీనికి కారణమయ్యే ఆర్‌ఎస్‌పీఓ4 అనే జన్యువును 2006లో గుర్తించారు.

మేనరికం మాటేమిటి?

‘అక్క కూతుర్నే చేసుకున్నాం, మా రెండు వైపులా ఎవరికీ ఇలా లేదే’ అంటారు. చిక్కంతా అక్కడే ఉంది. ఒకే తాత నుంచి వచ్చిన లోపం భార్యాభర్తలిద్దరిలోనూ దాగి ఉండొచ్చు. వాళ్ల గోళ్లు బాగానే ఉంటాయి. ఆ రెండూ బిడ్డలో కలిస్తేనే బయటపడుతుంది. ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. ఇందులో తండ్రి వాటా తల్లి వాటాతో సమానం. ఆస్తి బయటికి పోకూడదని చేసుకునే పెళ్లిళ్లలో ఇదీ ఇంట్లోనే ఉండిపోతుంది మరి!

లోపం గోళ్లకే పరిమితమైతే బిడ్డ అందరిలాగే పెరుగుతుంది. కాల్షియం టానిక్కులు తాగించినా గోళ్లు మొలవవు, డబ్బు దండగ.

బొటనవేలు చూడండి

బొటనవేలి గోరు చిన్నదిగా, చీలినట్టుగా ఉండి, మోకాలి చిప్ప కూడా సరిగా లేకపోతే అది నెయిల్ పటెల్లా సిండ్రోమ్ కావచ్చు. దీనికి మేనరికంతో పని లేదు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే చాలు, బిడ్డకు సగానికి సగం అవకాశం. కొందరికి మూత్రపిండాలు దెబ్బతింటాయి, కంట్లో ఒత్తిడి పెరుగుతుంది. కాబట్టి మూత్ర పరీక్ష, కంటి పరీక్ష మానకూడదు.

పాకియోనికియా కంజెనిటా తీరు వేరు. పుట్టిన కొన్ని నెలలకు గోళ్లు దళసరెక్కుతాయి. నాలుక మీద తెల్లని పొర కడుతుంది. బూజు తెగులనుకుని నెలల తరబడి మందులు పూస్తారు, తగ్గదు. పిల్లలు నడక నేర్చాక అరికాళ్లు కాయలు కాచి నొప్పి పెడతాయి. అసలు బాధ అది. పూర్తిగా నయం చేసే మందు లేదు. కాయలు పల్చబరచడం, మెత్తని చెప్పులు వాడటం లాంటివే ఉపశమనం.

ముందుగా చర్మవైద్యుడికి చూపాలి. జన్యు సలహాకు హోసూరు వాళ్లకు బెంగళూరులోని సెంటర్ ఫర్ హ్యూమన్ జెనెటిక్స్ దగ్గర. వేలూరు సీఎంసీలోనూ ఆ విభాగం ఉంది. వెళ్లేటప్పుడు మూడు తరాల బంధుత్వాలు కాగితం మీద రాసుకెళ్లాలి. ఎవరు ఎవరిని చేసుకున్నారో తడుముకోకుండా చెప్పగలిగేది మళ్లీ ఆ అమ్మమ్మే.