బర్సరీ

టీచర్ శిక్షణలో ఉన్నవాళ్లకు బతుకు ఖర్చుల కోసం ఇచ్చే, తిరిగి కట్టనక్కర్లేని సాయమే బర్సరీ. ఇంగ్లండ్‌లో శిక్షణకు ముందు గణితం, భౌతికశాస్త్రం లాంటి వాటిలో పట్టు పెంచుకునే కోర్సు చేస్తే వారానికి 175 పౌండ్లు ఇచ్చారు. ఆ సబ్జెక్టులకు టీచర్లు దొరకకపోవడమే కారణం.

తెలంగాణలో దీనికి దగ్గరగా ఉన్నది స్కాలర్‌షిప్‌ల ఆన్‌లైన్ వ్యవస్థ ఈపాస్. అందులో, 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ (ఆర్‌టీఎఫ్) కాలేజీ ఫీజుకు, ఎంటీఎఫ్ విద్యార్థి ఖర్చులకు. హైదరాబాద్ మచ్చ బొల్లారంలోని బీసీ కుటుంబపు బీఈడీ అమ్మాయికి ఇవి రావాలంటే ఇంటి ఆదాయం ఏడాదికి 2 లక్షలు దాటకూడదు. అదే పల్లెల్లో అయితే పరిమితి లక్షన్నరే. 75 శాతం హాజరూ ఉండాలి.

సబ్జెక్టు జ్ఞానానికి మాత్రం ఈపాస్‌లో విడిగా పద్దు లేదు. బీఈడీ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్ ఇప్పుడు అందరికీ ఒకటే పేపరు. అందులో గణితం, సైన్సు, సోషల్ ప్రశ్నలు పదో తరగతి స్థాయివే. డిగ్రీలో మిగిలిన వెలితిని సొంత డబ్బుతో, కోచింగ్‌లో పూడ్చుకోవాలి. రెండేళ్ల బీఈడీ కోర్సులో కనీసం 20 వారాలు బడుల్లో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. ఆ రోజుల్లో పగటిపూట ట్యూషన్లు చెప్పుకునే వీలుండదు, బస్సు చార్జీలు మాత్రం తప్పవు. రీయింబర్స్‌మెంట్ బకాయి పడితే కాలేజీలు సర్టిఫికెట్లు ఆపుతాయి. కనీసం ఆ ఇంటర్న్‌షిప్ వారాలకైనా నెలనెలా చేతికందే భృతి ఇవ్వాలి.