ఫెరెట్ గిన్నెలో పాలకు చోటెంత?

ఆకలిగొన్న ప్రాణి కంటబడితే దాని ముందు గిన్నెడు పాలు పెట్టాలని మనిషికి మొదట తోస్తుంది. నాగులచవితినాడు పుట్టలో పాలు పోసే మనకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. పాము కడుపుకు పాలు పడవని ఎందరు చెప్పినా ఆ ఆచారం ఆగలేదు. ఇంగ్లండు పల్లెల్లో ఇటువంటి నమ్మకమే తరతరాలుగా సాగింది. అక్కడ దాని కష్టం అనుభవించింది ఫెరెట్.

ఫెరెట్ సన్నని, పొడవాటి ఒడలు గల జంతువు. చూపులకు మన ముంగిసను తలపించినా, దీని పూర్వులు యూరపులోని పోల్‌క్యాట్లు. బొరియల్లో దాగిన కుందేళ్ళను బయటికి తరమడానికి మనుషులు దీనిని దాదాపు రెండువేల ఏళ్ళుగా పెంచుతున్నారు. 1933లో లండనులో మానవుల ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌ను తొలిసారి వేరుచేసిన శాస్త్రజ్ఞులు అందుకు వాడినదీ ఈ జంతువునే. ఈనాడు అమెరికా, బ్రిటన్ దేశాల్లో ఎన్నో ఇళ్ళలో ఇది ముద్దులు గుడిచే పెంపుడు ప్రాణి.

వేటగాళ్ళు దీనికి పాలలో నానవేసిన రొట్టె పెట్టేవారు. ఖర్చు తక్కువ. పైగా మాంసం మరిగితే క్రూరంగా మారి చేయి కరుస్తుందన్న భయం ఒకటి వుండేది. ఆ తిండితో ఫెరెట్లు బతికాయి. బతుకు మాత్రం నీళ్ళవిరేచనాలతో, నీరసంతో గడిచింది. ఇది కేవలం మాంసాహారి. పేగు పొట్టిది, అంధనాళమే లేదు. తిన్నది మూడు నాలుగు గంటల్లో బయటికి పోతుంది. ఆ కొద్ది వ్యవధిలో రొట్టెలోని పిండిపదార్థం సరిగా అరగదు. పాలు విడిచిన వయసులో, పాలలోని లాక్టోజు అనే చక్కెర కూడా అంతే.

రొట్టె పాలు నేడు దాదాపు మరుగున పడ్డాయి. అయితే ఇంట్లోనే ఆహారం తయారుచేసే యజమానులకు పాలు మరో రూపంలో ఎదురవుతాయి. కోడిమాంసం మెత్తగా కొట్టి పెడతారు. ఎముకలు గుచ్చుకుంటాయని తీసివేస్తారు. మరి క్యాల్షియం ఎక్కడిది? పాలు వున్నాయి కదా అనుకుంటారు. ఈ ఆలోచన వినడానికి ఎంత సబబుగా వుందో, లెక్కకు అంత దూరంగా వుంది. ఆహారంలో క్యాల్షియం కనీసం ఫాస్ఫరసుతో సమానంగా వుండాలి. 100 గ్రాముల కోడిమాంసంలో ఫాస్ఫరసు సుమారు 200 మిల్లీగ్రాములు, క్యాల్షియం 10 మాత్రమే. లోటు 190. ఆవుపాలు 100 మిల్లీలీటర్లు పోస్తే 120 మిల్లీగ్రాముల క్యాల్షియం వస్తుంది, దానితోపాటు 90 దాకా ఫాస్ఫరసూ వస్తుంది, మిగిలేది 30. అంటే లోటు పూడాలంటే 600 మిల్లీలీటర్లకు పైగా పాలు కావాలి. సుమారు కిలో బరువు తూగే జంతువుకు! అదే పని అరగ్రాము గుడ్డుపెంకు పొడి చేస్తుంది. గుండె, కాలేయం వంటి అవయవాలు కొద్దికొద్దిగా చేరిస్తే పాలలో లేని పోషకాలు కూడా సమకూరుతాయి.

ఇంతకంటె ప్రమాదకరమైనవి చక్కెర కలిపిన పాలు. నడివయసు దాటిన ఫెరెట్లకు క్లోమంలో ఇన్సులిన్‌ను అతిగా స్రవించే కంతులు రావడం సాధారణం. తీపి అందగానే ఇన్సులిన్ ఒక్కసారి పొంగుతుంది, ఆ వెంటనే రక్తంలో చక్కెర కుప్పకూలుతుంది. చొంగ కారుతుంది. ముంగాళ్ళతో మూతి గీరుకుంటుంది. వెనుకకాళ్ళు తూలుతాయి. గాబరాపడిన యజమాని మరిన్ని తీపిపాలు పోస్తాడు. పూర్తిగా పడిపోయిన క్షణంలో చిగుళ్ళకు కాస్త తేనె రాయడం ప్రాణరక్షణకు పనికివస్తుంది. దాని వెంటనే కావలసింది మాంసాహారం, పశువైద్యుడు. ఆరోగ్యంగా వున్న ఫెరెట్ సైతం ఎక్కువసేపు పస్తుండలేదు. జబ్బుచేసి మూతి తిప్పుకున్నదానికి గంటలే లెక్క.

అటువంటి వేళలోనే పాలకు న్యాయమైన చోటు వుంది. తల్లిలేని పిల్లికూనల కోసం తయారయ్యే పాలపొడిలో ఆవుపాలకన్న మాంసకృత్తులు, కొవ్వు ఎక్కువ; లాక్టోజు తక్కువ. ఉడికించి మెత్తగా రుబ్బిన కోడిమాంసానికి, దాని రసానికి ఈ పొడి కలిపిన పాలు ఒక చెంచాడు చేరిస్తే వాసనకు ఆశపడి జబ్బుజంతువు నాకడం మొదలుపెడుతుంది. అమెరికాలో ఫెరెట్లను పెంచేవారు ఇటువంటి జావను బాతు పులుసని పిలుస్తారు, అందులో బాతు వున్నా లేకపోయినా. తల్లిని పోగొట్టుకున్న పసికూనల విషయం వేరు. వాటికి పాలే ఆహారం. ఫెరెట్ తల్లిపాలు ఎంతో చిక్కనివి కనుక పిల్లికూనల పాలకు సైతం మీగడ కలపవలసి వస్తుంది.

జావను గోరువెచ్చగా వుంచాలి. మొదట వేలికి రాసి మూతి దగ్గర పెట్టాలి. నాకకపోతే సూదిలేని సిరంజితో, నోటి పక్కనుంచి, చుక్కచుక్కగా పోయాలి. తొందరపడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒక గుటక మింగేవరకు రెండోది పోయకూడదు.