మనకు పాలు కాగాయి, ఇంగ్లీషులో కాగింది

మా తరగతిలో ఒక పిల్ల ‘మిల్క్స్ ఆర్ హాట్’ అని రాసింది. ఎర్ర సిరాతో కొట్టేశాం. తరవాత ఆలోచిస్తే, ఆ పిల్ల తెలుగు లెక్కన సరిగ్గానే రాసింది. పాలు కాగాయి, నీళ్లు వచ్చాయి అంటాం కదా. ఇంగ్లీషులో మిల్క్, వాటర్ ఏకవచనాలు, వాటి పక్కన ‘ఈజ్’ రావాలి. ఇలాంటి తప్పు కొట్టేస్తే పోదు, కారణం చెబితేనే పోతుంది.

‘ఎన్ని’కి మెనీ, ‘ఎంత’కు మచ్ అని చెబుతూ వచ్చాం. గుడ్లకు, నూనెకు అది సరిపోతుంది. కానీ ఇంట్లో ‘ఎన్ని నీళ్లు పోయాలి’ అంటాం కనుక పిల్లలు ‘మెనీ వాటర్’ అని రాస్తారు. అందుకే ఇప్పుడు వేరే ప్రశ్న అడుగుతున్నాం: ఒకటి, రెండు అని లెక్కపెడతామా, గ్లాసుతోనో కిలోలతోనో కొలుస్తామా?

లెక్కపెట్టేవాటికి మెనీ, ఎ ఫ్యూ. కొలిచేవాటికి మచ్, ఎ లిటిల్. సమ్, ఎ లాట్ ఆఫ్ రెండింటికీ చెల్లుతాయి. ఎ, యాన్ లెక్కపెట్టేది ఒక్కటే ఉన్నప్పుడు వస్తాయి. కనుక ‘ఎ మిల్క్’ అని కాక, ‘ఎ గ్లాస్ ఆఫ్ మిల్క్’ అనాలి. బియ్యం, అన్నం రెండింటికీ ఇంగ్లీషులో రైస్ ఒక్కటే, అదీ కొలిచేదే. ఈ ప్రశ్నకు లొంగని మాటలు కొన్నున్నాయి. మనం సలహాలు, వార్తలు లెక్కపెడతాం, ఇంగ్లీషు అడ్వైస్‌నూ న్యూస్‌నూ లెక్కపెట్టదు. ఫర్నిచర్, ఇన్ఫర్మేషన్ కూడా అంతే. వీటిని గుర్తుపెట్టుకోవలసిందే.

ఇక ‘ద’. తెలుగులో దానికి సరిసమానమైన మాట లేదు. అయితే గంజాం 1936లో మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఒడిశాలోకి వచ్చింది. పాత్రపూర్‌లో మన పిల్లలు ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా వింటూ పెరుగుతున్నారు. ఒడియాలో ‘గోటిఏ బహి’ అంటే ఏదో ఒక పుస్తకం, ‘బహిటి’ అంటే ఫలానా ఆ పుస్తకం. ‘ఎ బుక్’, ‘ద బుక్’ల తేడా దాదాపు ఇదే. అన్నిచోట్లా ఇది సరిపోదు కానీ, మొదటి మెట్టుకు చాలు.

తెలుగు బడిలో వేస్తే ఇంగ్లీషు రాదేమోనని తల్లిదండ్రులు భయపడుతున్నారు. వచ్చిన రెండు భాషలూ మూడోదానికి మెట్లే. మీకు ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు. వంటింట్లో పప్పు డబ్బా, అరటిపళ్లు చూపించి ‘ఇది లెక్కపెట్టేదా, కొలిచేదా?’ అని రోజూ తెలుగులోనే అడగండి. మిగతాది బడిలో మేం చూసుకుంటాం.