కిలో తగ్గితే ఎవరికి లాభం?

ఒళ్లు తగ్గాలని అనుకోని గృహిణి ఈ రోజుల్లో బహు అరుదు. సంక్రాంతి అరిసెలు అయ్యాక ఒకసారి, పెళ్లిళ్ల రోజుల్లో పాత జాకెట్టు పట్టనప్పుడు మరోసారి గట్టిగానే అనుకుంటాం. నాలుగు రోజులు రాత్రి అన్నం మానేస్తాం. అయిదో రోజున ఎవరింట్లోనో పేరంటం వస్తుంది. అంతటితో ఆ దీక్ష సరి! మన ఒక్కరి కోసం పట్టిన పట్టు కనక, విడిచిపెట్టినా అడిగేవాళ్లుండరు.

అదే, మీరు తగ్గే ప్రతి కిలోకీ ఆకలితో ఉన్న ఒక ఇంటికి ఇంత తిండి చేరుతుందనుకోండి. అప్పుడా పట్టు అంత తేలిగ్గా సడలదు కదూ! అమెరికాలో ఇలాంటి పందేలు ఉన్నాయి. వాటి సంగతి ఈవేళ కాస్త వివరంగా చెప్పుకుందాం.

ముందు ఆ తిండి ఎక్కడికి చేరుతుందో చూద్దాం. 1967లో అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్ నగరంలో జాన్ వాన్ హెంగెల్ అనే ఆయన ఫుడ్ బ్యాంకు అనేది మొదలుపెట్టాడు. దుకాణాల్లో అమ్ముడుపోని మంచి సరుకు పారేయకుండా తెచ్చి దాచి, లేనివాళ్లకు చేర్చడం దాని పని. ఇలాంటివి తరవాత దేశమంతా వెలిశాయి. వీటిని కలిపే పెద్ద సంస్థ పేరు ఫీడింగ్ అమెరికా. ఫుడ్ బ్యాంకు గోడౌను వంటిదైతే, పేటలో ఉండి ఇంటింటివాళ్లకు సరుకు ఇచ్చేది మన చౌకడిపో వంటిది. మిన్నెసోటా రాష్ట్రంలో దాన్ని ఫుడ్ షెల్ఫ్ అంటారు, అంటే తిండి అలమర అన్నమాట. అక్కడ సరుక్కి డబ్బు పుచ్చుకోరు.

ఇక పందెం సంగతి. ఒక వీధివాళ్లో, ఒక ఆఫీసువాళ్లో జట్టుగా చేరతారు. మొదటిరోజు అందరి బరువూ రాసుకుంటారు. ఎనిమిదో, పన్నెండో వారాలు గడువు పెట్టుకుంటారు. తగ్గిన ప్రతి పౌండుకీ, అంటే సుమారు 450 గ్రాములకు, ఇంత ఇస్తామని చుట్టాలు, స్నేహితులు, దుకాణాలవాళ్లు ముందే మాట ఇస్తారు. గడువు తీరాక వసూలైన సొమ్ము ఫుడ్ షెల్ఫ్‌కి వెడుతుంది. 2009లో ది బిగ్గెస్ట్ లూజర్ అనే టీవీ పోటీతో కలిపి దేశమంతటా ఇలాంటిదే ఒకటి నడిపారు. ప్రజలు తగ్గుతామన్న ప్రతి పౌండుకీ కొన్ని సెంట్ల చొప్పున ఫీడింగ్ అమెరికాకి ముట్టజెప్పారు. కొన్ని సెంట్లకు ఏం వస్తుందంటారా? సరుకు చాలావరకు ఊరికే వస్తుంది కనక, ఆ డబ్బు లారీకీ, నిలవకీ సరిపోతే చాలు. అందుకే అక్కడ డబ్బాలు కొని ఇవ్వడంకంటే డబ్బు ఇవ్వడమే ఎక్కువ ఉపయోగం.

వినడానికి బాగానే ఉంది. అయితే ఇందులో రెండు చిక్కులున్నాయి.

మొదటిది తొందర. పందెం అనగానే ఉపవాసాలు మొదలుపెట్టేవాళ్లుంటారు. ఆ టీవీ పోటీలో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తరవాత పరీక్షించిన ఫలితాలు 2016లో వెలువడ్డాయి. ఎక్కువమంది తగ్గిన బరువులో చాలాభాగం తిరిగి పెరిగారు. అంతేకాదు, వాళ్ల శరీరం ఊరికే ఉన్నప్పుడు ఖర్చుచేసే శక్తి, ఆ బరువుకి ఉండవలసినదానికంటే రోజుకి సుమారు 500 కేలరీలు తక్కువగా ఉంది. గబగబా చిక్కితే పిత్తాశయంలో రాళ్లు, జుట్టు ఊడడం వంటి బాధలూ రావచ్చు. మొదటి వారం ముల్లు దిగిందని మురిసిపోకండి, అందులో చాలాభాగం నీరే సుమా!

మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పేదేమిటంటే, వారానికి అరకిలో తగ్గడం క్షేమం. ఎంత పట్టుదలైనా రోజుకి వెయ్యి కేలరీలకంటే తగ్గించకూడదు. ఒక పెద్ద చెంచా నూనెలో సుమారు 120 కేలరీలుంటాయి. కూరల్లో, తాలింపుల్లో రోజుకి రెండు చెంచాలు తగ్గించి, కాఫీ టీల్లో పంచదార మాని, ఒక అరగంట నడిస్తే అన్నం మానక్కరలేదు.

గెలుపు కిలోల్లో లెక్కపెట్టడం కూడా న్యాయం కాదు. 90 కిలోల ఆవిడ నాలుగున్నర కిలోలు తగ్గడం, 60 కిలోల ఆవిడ మూడు కిలోలు తగ్గడం ఒకటే. రెండూ నూటికి అయిదు వంతులే. ఆ అయిదు వంతులు తగ్గినా చాలామందిలో రక్తపుపోటు, చక్కెర కాస్త అదుపులోకి వస్తాయి. తూకంతోపాటు నడుముకి టేపు కూడా పెట్టి చూసుకోండి. మన ఆడవాళ్లకి నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటకుండా ఉంటే మంచిది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే ఆడపిల్లలు ఈ పందేల జోలికి పోకూడదు. షుగరు మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టరుని అడగకుండా తిండి తగ్గించకూడదు. ఎవరి బరువు ఎంతో నలుగురిలో చదవకూడదని వేరే చెప్పాలా?

రెండో చిక్కు ఇంకా పెద్దది. మనం మానేసిన ముద్ద దానంతట అది మరొకరి కంచంలోకి వెళ్లదు. మనం తగ్గకపోతే వాళ్లకి తిండి లేదనడం ధర్మమూ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 36 మంది అధిక బరువుతో ఉంటే, సుమారు 15 మంది ఉండవలసిన బరువైనా లేరు. తెలంగాణలో ఆ లెక్కలు 30, 19. రెండు రకాలవాళ్లూ ఒకే ఊళ్లో, ఒక్కోసారి ఒకే గుమ్మంలో ఉంటారు. గిన్నెలు తోమే అమ్మాయి చేతుల వంక ఒకసారి చూడండి!

కనక మన వీధిలో ఇలాంటిది పెట్టుకుంటే లెక్క ఇలా వేసుకోవాలి. కిలోకి కిలో బియ్యం అంటే అయిదుగురు తలా మూడు కిలోలు తగ్గినా 15 కిలోలే. నలుగురున్న ఇంటికి అవి నెలకి కూడా రావు. అందుచేత కిలోకి పది కిలోలు అని పెట్టుకోండి. అంతకంటే ముఖ్యం, తగ్గినా తగ్గకపోయినా ఇంత ఇస్తామని మొదటిరోజే కొంత సొమ్ము విడిగా తీసిపెట్టండి. తగ్గినదానికి ఇచ్చేది దానిపైన. మనం మానేసిన మైదా, పంచదార, డాల్డా వాళ్లకి అంటగట్టకండి. కందిపప్పు, వేరుశనగలు, గుడ్లు, రాగిపిండి ఇవ్వండి. పుచ్చుకునేవాళ్లకి ఏం కావాలో వాళ్లనే అడగడం ఇంకా మర్యాద.

ఇదంతా మనకి కొత్తేమీ కాదు. ఎసట్లో బియ్యం పోసేముందు పిడికెడు తీసి వేరే కుండలో వెయ్యడం మన పెద్దవాళ్లకి అలవాటే. 2014లో జనం నెత్తిన ఐసునీళ్లు పోసుకుంటూ ఉంటే, హైదరాబాదు పత్రికా రచయిత్రి మంజులత కళానిధి, ఆ బకెట్టుతో బియ్యం లేనివాళ్లకి ఇవ్వమంటూ రైస్ బకెట్ ఛాలెంజ్ మొదలుపెట్టారు. నీళ్లు వృథా కాలేదు, కొన్ని పొయ్యిలు వెలిగాయి.

మీ వీధిలో నలుగురు ఒప్పుకుంటే చాలు. ఒక నోటు పుస్తకం, ఒక టేపు, ఒక డబ్బా సిద్ధం చేసుకోండి. వచ్చే సోమవారం తూకం చూసుకునేముందు, ఆ డబ్బాలో మొదటి పిడికెడు వెయ్యండి.