ఇల్లు మారాక సముద్రపు చేపలకు జబ్బు ఎందుకు చేస్తుంది?

కెనడాలో వాంకూవర్ నుంచి ఎడ్మంటన్‌కు ఇల్లు మారుతున్నారనుకోండి. దారి 1,100 కిలోమీటర్లకు పైనే. మీ ఉప్పునీటి అక్వేరియంలోని క్లౌన్ ఫిష్ ప్రయాణమంతా బాగానే ఉంటుంది. కొత్త ఇంటికి చేరిన కొన్నాళ్లకు నీరసపడి, మేత ముట్టదు. ఎందుకు?

చేపలు మొప్పల గుండా అమ్మోనియా వదులుతాయి. అది వాటికే విషం. రాళ్లమీద, ఇసుకలో, ఫిల్టర్‌లో బతికే బ్యాక్టీరియా దాన్ని మొదట నైట్రైట్‌గా, తర్వాత అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. రాళ్లు ఆరిపోయినా, గడ్డకట్టినా ఆ బ్యాక్టీరియా చచ్చిపోతుంది, అమ్మోనియా నీళ్లలోనే పేరుకుపోతుంది. జనవరిలో ఎడ్మంటన్ చలి మైనస్ 20 డిగ్రీలకు దిగడం మామూలే! అందుకే చేపలతో సమానంగా రాళ్లనూ కాపాడాలి. ఉప్పునీళ్లున్న మూతబకెట్లలో ముంచి, హీటర్ వేసిన కారులోనే తీసుకెళ్లాలి.

కొళాయి నీళ్లది మరో చిక్కు. వాంకూవర్ నీళ్లలో క్లోరిన్ కలుపుతారు. గాలి బాగా తగిలితే అది ఎగిరిపోతుంది. ఎడ్మంటన్‌లో కలిపేది క్లోరమిన్. అంటే క్లోరిన్, అమ్మోనియా కలిసిన పదార్థం. రాత్రంతా నిలవ ఉంచినా పోదు. పాత ఇంట్లో పనిచేసిన పద్ధతే ఇక్కడ చేపను చంపగలదు! క్లోరమిన్‌ను విరిచి, అమ్మోనియానూ పట్టి ఉంచే మందు వాడాలి. తర్వాత లీటరుకు సుమారు 35 గ్రాముల సముద్రపు ఉప్పు కలిపి, 25 డిగ్రీలకు వేడిచేయాలి.

మొదటి రెండు వారాలు మేత తగ్గించి, రోజూ అమ్మోనియా పరీక్ష చేయండి. అది కనిపిస్తే ఆ రోజే కొంత నీరు మార్చాలి.