కిర్క్‌పాట్రిక్: సరిహద్దు ఊరి నుంచి కోఠీ దాకా

అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు చదివే పిల్లలకు నేను చరిత్ర చెబుతాను. 1798 సైన్య సహకార సంధి పాఠంలో జేమ్స్ కిర్క్‌పాట్రిక్ పేరు వస్తుంది. నిజాం కొలువులో ఇంగ్లీషు కంపెనీ రెసిడెంటు. నిజాం కొలువులోని ఫ్రెంచి దళం చేత ఆయుధాలు దింపించినవాడు, కోఠీలో రెసిడెన్సీ భవనం కట్టించినవాడు. పరీక్షకు ఇంతే చాలు. నేను మాత్రం అతని ఇంటిపేరు దగ్గర కాసేపు ఆగుతాను.

మన ఇంటిపేర్లలో చాలా వరకు ఊరి పేర్లే. సురవరం, రాయప్రోలు, దేవులపల్లి. ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఊరి పేరుతో మనిషిని పిలవాల్సిన పని ఉండదు. ఊరు దాటాకే ఆ పేరు మనిషికి అంటుకుంటుంది. స్కాట్లాండు దక్షిణ భాగంలో, ఇంగ్లండు సరిహద్దును ఆనుకుని ఉన్న డంఫ్రీస్ సీమలోనూ ఇదే జరిగింది. అక్కడివాళ్లు చర్చిని కిర్క్ అంటారు. సెయింట్ పాట్రిక్ పేరిట చర్చి ఉన్న ఊరు కిర్క్‌పాట్రిక్. మన దేవులపల్లికి సాటి వచ్చే పేరు! కిర్క్‌పాట్రిక్ ఫ్లెమింగ్, కిర్క్‌పాట్రిక్ జక్‌స్టా ఆ సీమలో ఇప్పటికీ ఉన్నాయి.

1232లో స్కాట్లాండు రాజు రెండో అలెగ్జాండర్, ఐవో కిర్క్‌పాట్రిక్‌కు అదే సీమలోని క్లోజ్‌బర్న్ భూములను రాసిచ్చాడు. 1306లో స్కాట్లాండు సింహాసనం ఆశించిన రాబర్ట్ బ్రూస్ డంఫ్రీస్ చర్చిలో తన ప్రత్యర్థి జాన్ కోమిన్‌ను పొడిచి బయటికొస్తే, చావు ఖాయం చేయడానికి రోజర్ కిర్క్‌పాట్రిక్ లోపలికి వెళ్లాడని అక్కడ చెప్పుకుంటారు. నెత్తురోడే బాకు పట్టిన చేయి ఆ వంశానికి చిహ్నం. సరిహద్దు సీమలో బతుకంటే పశువుల దోపిడీలు, కక్షలు, కాలిపోయిన ఇళ్లు. ఆ సీమ మనుషులు దూరదేశాలకు వెళ్లడంలో ఆశ్చర్యం లేదు. 1783లో క్లోజ్‌బర్న్ కూడా అమ్ముడుపోయింది. పేరు మాత్రం ఊళ్లు తిరిగింది. స్పెయిన్‌లోని మలగాలో వ్యాపారం చేసిన విలియం కిర్క్‌పాట్రిక్ మనుమరాలు యూజెనీ, ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్ భార్య అయింది.

మన జేమ్స్ కూడా డంఫ్రీస్ మూలాలున్న కుటుంబం వాడే. పుట్టింది మాత్రం 1764లో మద్రాసులో. హైదరాబాదు దర్బారులో అతని బిరుదు హష్మత్ జంగ్. హైదరాబాదీ దుస్తులు వేసుకుని, ఫారసీ మాట్లాడుతూ, ఇక్కడి ఖైరున్నీసా బేగంను పెళ్లాడాడు. పిల్లలిద్దరూ ఇక్కడే పుట్టారు. సాహిబ్ ఆలం, సాహిబ్ బేగం అని ఇంట్లో పిలుచుకున్నారు. 1805లో మద్రాసులో ఓడ ఎక్కించి వాళ్లను ఇంగ్లండు పంపారు. వెళ్లే ముందు జార్జ్ చినరీ గీసిన బొమ్మలో ఇద్దరూ హైదరాబాదీ దుస్తుల్లోనే నిలబడి ఉంటారు. అదే ఏడాది అక్టోబరులో తండ్రి కలకత్తాలో చనిపోయాడు. లండన్ చర్చిలో బాప్తిస్మం ఇచ్చి పిల్లలకు విలియం జార్జ్, కేథరిన్ అరోరా అని పేర్లు పెట్టారు. ఆరేళ్లు నిండకముందే సొంత పేర్లు పోయాయి, తండ్రి ఇంటిపేరు మిగిలింది.

ఖైరున్నీసా సంగతి చెప్పేటప్పుడు నా గొంతు మారుతుందని మా క్లాసు పిల్లలు అంటారు. మారుతుంది మరి. ఆమె తన బిడ్డల్ని మళ్లీ చూడలేదు. హైదరాబాదులో అడుగుపెట్టే వీలు లేక కొన్నేళ్లు మచిలీపట్నంలో గడిపింది. తర్వాత తిరిగొచ్చి, 1813లో ఇక్కడే కన్నుమూసింది. అప్పటికి ముప్ఫై ఏళ్లు కూడా నిండలేదు.

కూతురు కేథరిన్ ఇంగ్లండులో కిట్టీ కిర్క్‌పాట్రిక్‌గా పెరిగింది. 1824లో రచయిత థామస్ కార్లైల్ ఆమెను కలిశాడు. అతనిదీ డంఫ్రీస్ సీమే. అతని ఇంటిపేరూ సరిహద్దుకు అవతల ఉన్న కార్లైల్ పట్నానిదే. అతని ‘సార్టర్ రిసార్టస్’లోని బ్లూమిన్ పాత్రకు కిట్టీయే ఆధారమని చాలామంది నమ్ముతారు. 1840ల్లో కిట్టీకి హైదరాబాదులోని అమ్మమ్మ షరఫున్నీసా ఆచూకీ దొరికింది. మనుమరాలు ఇంగ్లీషులో, అమ్మమ్మ ఫారసీలో, మధ్యలో అనువాదకులు. అలా ఉత్తరాలు నడిచాయి. ఒకరినొకరు చూసుకోకుండానే అమ్మమ్మ పోయింది. కిట్టీ 1889లో టార్కీలో చనిపోయింది.

ఈ కథలో ఇంటిపేరు వెంట పోతే డంఫ్రీస్ చేరతాం. ఖైరున్నీసా వెంట పోతే తప్ప హైదరాబాదు చేరలేం. తండ్రి ఇంటిపేరు దాదాపు ఎనిమిది వందల ఏళ్ల వెనక్కి కాగితాల్లో దొరుకుతుంది. తల్లి జాడ ఒక బొమ్మలో, కొన్ని ఉత్తరాల్లో దొరకాల్సి వచ్చింది. మన ఇళ్లలోనూ ఇంతే. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో నా పక్కన కూర్చుని చదివే అమ్మాయిని అడిగితే తన ఇంటిపేరు ఏ ఊరిదో తడుముకోకుండా చెప్పింది. అమ్మమ్మ పుట్టింటి పేరు అడిగితే తెలియదంది.

చిక్కడపల్లి నుంచి కోఠీ ఎంతో దూరం లేదు. 1949 నుంచి ఆడపిల్లల చదువులకు నెలవైన ఆ రెసిడెన్సీ భవనానికి ఇప్పుడు మరమ్మతులు కూడా అయ్యాయి. వెళ్లి చూడండి. చూసి ఇంటికొచ్చాక, అమ్మ పుట్టింటి పేరు, అమ్మమ్మ పుట్టింటి పేరు, ఆ ఊళ్ల పేర్లు వాళ్లనే అడిగి రాసి పెట్టుకోండి. చెప్పేవాళ్లు ఉన్నప్పుడే అడగండి.