నాలాంటి వాళ్ళకి ఏమైంది?

మే నెల వచ్చేసరికి అమెరికాలోని నార్త్ కెరొలైనాలో ఉన్న క్యారీ, మోరిస్‌విల్ వీధుల్లో పొద్దున్నే నడిచే పెద్దవాళ్ళు ఎక్కువగా కనిపిస్తారు. పిల్లల దగ్గరికి ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు వాళ్ళు. ఆవకాయ, కారప్పొడి, మనవరాలి పట్టులంగా పెద్ద సూట్‌కేసుల్లో సర్దినా ఒక్కటి మాత్రం చేతిసంచిలోనే ఉంచుకుంటారు. మందుల షాపు ప్లాస్టిక్ కవర్లో ఆసుపత్రి కాగితాలు. అందులో గీతలు వెలిసిపోతున్న ఈసీజీ కాగితం ఉంటుంది. పదేళ్ళ నాటి షుగరు పరీక్ష చీటీ ఉంటుంది. పేరు గుర్తుండదని కత్తిరించి దాచుకున్న మాత్రల రేకు ముక్క ఉంటుంది. మా నాన్న కవరూ అలాంటిదే.

ఒక కవరు ఒక మనిషి సంగతి చెబుతుంది. అలాంటివి లక్ష ఒకచోట చేరి, అన్నిటినీ ఒకే పద్ధతిలో చదవగలిగితే, డాక్టరు గది బయట కుర్చీలో కూర్చున్న ప్రతివాళ్ళ మనసులోనూ మెదిలే ప్రశ్నకు జవాబు దొరకవచ్చు. ఈ వయసులో, ఈ జబ్బుతో, ఈ మందు వాడిన నాలాంటి వాళ్ళకి చివరికి ఏమైంది? రోగుల రికార్డుల మీద జరిగే పరిశోధనంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. చిక్కంతా ‘నాలాంటి’ అన్న మాటలో ఉంది.

క్యారీ నుంచి కారులో అరగంట వెళితే డర్హమ్. అక్కడి డ్యూక్ విశ్వవిద్యాలయంలో వైద్యవిభాగాన్ని ఇరవై ఏళ్ళు నడిపిన యూజిన్ స్టెడ్ అనే ఆచార్యుడు ఈ ప్రశ్నను చాలా సూటిగా పట్టుకున్నాడు. ఎంత అనుభవమున్న వైద్యుడైనా జ్ఞాపకం మీదే ఆధారపడతాడు. జ్ఞాపకంలో నిన్న చనిపోయిన రోగి పెద్దగా కనిపిస్తాడు, పదేళ్ళ కిందట బాగుపడి వెళ్ళిపోయిన రోగి అసలు కనిపించడు. అందుకని గుండె రక్తనాళాల పరీక్షకు వచ్చిన ప్రతి ఒక్కరి వివరాలనూ కంప్యూటరులో ఎక్కించి, వాళ్ళు ఇంటికి వెళ్ళాక కూడా ఏటేటా ఎలా ఉన్నారో కనుక్కుంటూ పోవాలన్నాడు. 1969లో మొదలైన ఆ డేటాబ్యాంకు గుండెజబ్బుల మీద ప్రపంచంలోని పాత ఖజానాల్లో ఒకటి. ఉత్తరం రాసి, ఫోను చేసి, బతికున్నారా అని అడగడమే అందులో అన్నిటికంటే విలువైన పని అని నాకనిపిస్తుంది. పరీక్షల ఫలితాలు ఏ ఆసుపత్రిలోనైనా ఉంటాయి. తర్వాత ఏమైందో మాత్రం ఎవరో ఒకరు పూనుకుని అడిగితేనే తెలుస్తుంది.

ఆ అడగడంలోంచి పుట్టినదాన్ని మనలో చాలామంది తెలియకుండానే వాడుకున్నాం. ట్రెడ్‌మిల్ పరీక్ష తర్వాత వేసే డ్యూక్ స్కోరు అది. లెక్క చాలా తేలిక. ఎన్ని నిమిషాలు నడిచారో చూసి, ఈసీజీలో ఎస్టీ అనే భాగం ఎన్ని మిల్లీమీటర్లు తప్పుకుందో దాన్ని అయిదుతో హెచ్చవేసి తీసేస్తారు. ఛాతీనొప్పి లేకపోతే సున్నా, వస్తే 1, నొప్పివల్లే ఆపేయాల్సివస్తే 2. ఆ అంకెను నాలుగుతో హెచ్చవేసి అదీ తీసేస్తారు. ఈసీజీలో తేడా లేకుండా తొమ్మిది నిమిషాలు హాయిగా నడిచినవాడికి 9 వస్తుంది. అయిదు నిమిషాలకే నొప్పితో ఆగిపోయి, రెండు మిల్లీమీటర్ల తేడా చూపినవాడికి 5 లోంచి 10, 8 పోయి మైనస్ 13. స్కోరు 5, ఆపైన ఉంటే ప్రమాదం తక్కువ, మైనస్ 11కి గాని అంతకన్నా కిందకు గాని దిగితే ఎక్కువ. 1991లో ఈ లెక్కను 613 మంది మీద సరిచూశారు. తక్కువ ప్రమాదం వాళ్ళలో నాలుగేళ్ళ తర్వాత 99 శాతం మంది బతికున్నారు, ఎక్కువ ప్రమాదం వాళ్ళలో 79 శాతం. ఎవరికి వెంటనే యాంజియోగ్రామ్ కావాలో, ఎవరిని మందులు రాసి ఇంటికి పంపవచ్చో తేల్చడానికి వైద్యుడికి ఒక ఆసరా దొరికింది.

అదే డ్యూక్ వైద్యులు 1980లో తమ సొంత ఖజానాకే ఒక పరీక్ష పెట్టారు. ఈ రంగంలో అడుగుపెట్టే ప్రతి ఒక్కరూ ఆ వ్యాసం చదవాలని నా కోరిక. ఆపరేషన్ లేకుండా మందులతోనే ఉన్న 1,073 మంది గుండెరోగులను తీసుకుని, చీట్లు తీసినట్టు రెండు గుంపులుగా విడదీశారు. విడదీయడం కాగితం మీదే. ఒక గుంపుకి ఇచ్చి రెండో గుంపుకి ఇవ్వని చికిత్స ఏదీ లేదు. మొత్తంగా చూస్తే ఆయుష్షులో తేడా కనిపించలేదు. తర్వాత మూడు రక్తనాళాలూ దెబ్బతిని, గుండె ఎడమ గది సరిగా ముడుచుకోని 397 మందిని మాత్రం వేరుచేసి చూశారు. ఒక గుంపువాళ్ళు రెండో గుంపుకన్నా మెరుగ్గా బతికినట్టు తేలింది, గణాంకశాస్త్రం ఒప్పుకునేంత తేడాతో. ఇవ్వని మందు పనిచేసింది! రెండు గుంపుల మధ్య ఉన్న చిన్న చిన్న హెచ్చుతగ్గులన్నీ ఒకే వైపుకి పోగుపడి ఆ తేడాను పుట్టించాయి. నిజంగానే ఏదో ఒక మందు ఇచ్చి ఉంటే ఆ ఫలితాన్ని పట్టుకుని ఎంతమందికి ఆ మందు రాసేవాళ్ళో ఆలోచించండి.

ఇంకో రకం మోసం ఉంది, అది ఇంకా లోతైనది. 1990లలో అమెరికాలో న్యుమోనియా రోగుల రికార్డులిచ్చి, ఎవరికి ప్రాణాపాయం ఎక్కువో చెప్పమని కంప్యూటరుకి నేర్పారు. అది నేర్చుకున్న సూత్రాల్లో ఒకటి: ఉబ్బసం ఉన్నవాళ్ళకి ప్రమాదం తక్కువ. రికార్డుల ప్రకారం అది నిజమే. ఉబ్బసం రోగికి న్యుమోనియా వచ్చిందంటే వైద్యులు భయపడి నేరుగా ఇంటెన్సివ్ కేర్‌లో పెట్టేవాళ్ళు. ఆ శ్రద్ధవల్లే వాళ్ళు బతికి బయటపడ్డారు. కంప్యూటరుకి బతకడం కనిపించింది కాని శ్రద్ధ కనిపించలేదు. దాని మాట నమ్మి ఉబ్బసం రోగులను ఇంటికి పంపి ఉంటే కొందరి ప్రాణాలే పోయేవి. ఆ పనిలో పాల్గొన్న రిచ్ కరువానా అనే శాస్త్రవేత్త ఇన్నేళ్ళయినా ఈ సంగతి చెబుతూనే ఉన్నాడు.

2018లో బోస్టన్‌లో రెండు ఆసుపత్రుల్లోని 6,69,452 మంది రికార్డులు చూసినవాళ్ళకి ఎదురైనదీ ఇదే. 272 రకాల ల్యాబ్ పరీక్షల్లో 233 విషయంలో, ఫలితం ఏమొచ్చిందన్నది పక్కన పెట్టినా, పరీక్ష రాశారా లేదా అన్నదానికే ఆయుష్షుతో సంబంధం కనిపించింది. చాలా పరీక్షల్లో వచ్చిన అంకెకన్నా, ఏ వేళప్పుడు, ఎన్నాళ్ళ తేడాతో రక్తం తీశారన్నదే భవిష్యత్తును బాగా చెప్పింది. తెల్లవారుజామున రక్తం తీయమన్నారంటే ఎవరికో కంగారు పుట్టిందన్నమాట. రికార్డులో రోగంతో పాటు వైద్యుడి భయం, అలవాటు, తీరిక, ఇన్సూరెన్సు అన్నీ కలగలిసి ఉంటాయి. వీటిని విడదీయడమే ఈ శాస్త్రం.

ఆ విడదీసే పనిముట్లలో ఒకటి క్యారీలోనే తయారవుతుంది. రాలీలోని నార్త్ కెరొలైనా స్టేట్ విశ్వవిద్యాలయంలో పంటల ప్రయోగాల లెక్కలు తేల్చడానికి పుట్టిన ప్రోగ్రాము సాస్. 1976లో అది కంపెనీ అయింది, 1980లో క్యారీకి వచ్చి స్థిరపడింది. కొత్త మందుకు అనుమతి అడిగే కంపెనీలు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకి డేటా పంపేది సాస్ ఫైళ్ళ రూపంలోనే. అమీర్‌పేటలో ‘క్లినికల్ సాస్’ నేర్పుతామన్న బోర్డులు చూసినవాళ్ళకి ఆ పేరు కొత్తకాదు. ఆ కోర్సు చేసి ఈ ఊరి చుట్టుపక్కల ఉద్యోగంలో చేరిన తెలుగు పిల్లలు రోజంతా చూసేది పేరులేని మనుషుల రక్తపోటు, కణితి కొలతలు, చివరి రోజు తేదీ. ఒక్కో వరుస ఒక్కో మనిషి.

2014 ఏప్రిల్‌లో క్యారీ కేంద్రంగా ప్రాజెక్ట్ డేటా స్ఫియర్ మొదలైంది. క్యాన్సర్ మందుల ప్రయోగాల్లో కొందరికి కొత్త మందు ఇస్తారు, కొందరికి అప్పటికే వాడుకలో ఉన్న చికిత్స ఇస్తారు. ఈ రెండోవాళ్ళది పోలిక గుంపు. ప్రయోగం ముగిశాక వాళ్ళ వివరాలు కంపెనీ బీరువాల్లో మూలపడేవి. కొత్త మందు రహస్యమేదీ అందులో లేదు కదా, దాన్నైనా అందరికీ ఇవ్వండని ఈ సంస్థ అడిగింది. ఆ వివరాలను భద్రపరచడానికి, చదవడానికి సాధనాలు సాస్ సమకూర్చింది.

ఏడాది తిరక్కుండానే ఆ వివరాలతో ఒక పోటీ పెట్టారు. ముదిరిన ప్రొస్టేట్ క్యాన్సర్‌కి డోసెటాక్సెల్ అనే మందు తీసుకున్న 2,070 మంది, నాలుగు ప్రయోగాల నుంచి. మూడింటిలోని 1,600 మంది వివరాలు చూసి నేర్చుకోవాలి. నాలుగోదానిలోని 470 మందిలో ఎవరు ఎంతకాలం బతుకుతారో చెప్పాలి. యాభై జట్లు వచ్చాయి. డ్యూక్ గణాంకవేత్త సూసన్ హలాబీ బృందం అంతకుముందు కట్టిన లెక్కను దాటాలన్నది పందెం. ఫిన్లండ్ జట్టు దాటింది. రక్తంలోని ఏఎస్‌టీ అనే ఎంజైము, మనం లివర్ పరీక్షలో చూసేదే, ఆయుష్షుకు గట్టి సూచన అని ఆ పనిలో బయటపడింది. ఎక్కడో పోలిక గుంపులో ఉండి కన్నుమూసినవాళ్ళ అంకెలు, వాళ్ళను ఎప్పుడూ చూడనివాళ్ళ చేతుల్లో మళ్ళీ పనికొచ్చాయి. ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

మరి ఆ కుప్పలో మనం ఉన్నామా? గుండెపోటు ప్రమాదం అంచనాకి 2013లో అమెరికాలో వచ్చిన సూత్రం తెల్లవాళ్ళ, నల్లవాళ్ళ వివరాలతో కట్టినది. మనవాడు వెళితే తెల్లవాడి గడిలో పెట్టి లెక్క కట్టేవాళ్ళు. బ్రిటన్‌లో ఊళ్ళ డాక్టర్ల కంప్యూటర్లలోని 23 లక్షల మంది రికార్డులతో 2008లో కట్టిన క్యూరిస్క్2 అనే సూత్రంలో మాత్రం భారతీయులకి విడిగా గడి ఉంది. వయసు, బీపీ, కొలెస్ట్రాల్ ఒకటే అయినా మనకి ప్రమాదం ఎక్కువని అది చెప్పింది. పదేళ్ళకి, 2018లో, అమెరికా కొలెస్ట్రాల్ మార్గదర్శకాలు దక్షిణాసియా మూలాన్ని ప్రమాదం పెంచే అంశాల్లో చేర్చాయి. ఇక్కడి చాలా ఆసుపత్రి ఫారాల్లో ఈనాటికీ ‘ఏషియన్’ అని ఒకటే గడి. గుంటూరువాడు, షాంఘైవాడు, మనీలావాడు అందులో ఒకటే. క్లినిక్‌లో ఆ గడి నింపేటప్పుడు నోరు తెరిచి చెప్పండి, మీరెక్కడివారో, ఇంట్లో ఎవరికి ఏ వయసులో గుండెపోటు వచ్చిందో.

హైదరాబాదులో ఈ పని జరగడం లేదనుకోవద్దు. ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రివాళ్ళు సొంతంగా కట్టుకున్న ఎలక్ట్రానిక్ రికార్డుల్లోంచి 14 లక్షలకు పైగా కొత్త రోగులను చూసి, కళ్ళు పొడిబారే జబ్బు ఎవరికి వస్తోందో లెక్క తీశారు. అయితే ఆసుపత్రి రికార్డు ఆసుపత్రి గడప తొక్కినవాళ్ళ గురించే చెప్పగలదు. బస్సు ఛార్జీ లేక ఆగిపోయిన ముసలమ్మ అందులో ఉండదు. అందుకే అంతకుముందు, 1996 నుంచి 2000 వరకు, అదే సంస్థ హైదరాబాదు, పశ్చిమగోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్‌లలో ఇంటింటికీ తిరిగి 10,293 మంది కళ్ళు పరీక్షించింది. 1.84 శాతం మందికి అంధత్వం ఉందని తేలింది. కూర్చున్నచోట దొరికే లక్షల కన్నా తిరిగి తెచ్చిన వేలు కొన్నిసార్లు ఎక్కువ నిజం చెబుతాయి.

పేరు తీసేస్తే గోప్యత దక్కుతుందా అంటే, అదీ పూర్తి భరోసా కాదు. 1997లో లటన్యా స్వీనీ అనే విద్యార్థిని పేర్లు తీసేసిన మసాచుసెట్స్ ఉద్యోగుల ఆసుపత్రి రికార్డులు తీసుకుని, ఇరవై డాలర్లకి ఓటర్ల జాబితా కొని, పుట్టినతేదీ, లింగం, పిన్‌కోడు కలిపి చూసి ఏకంగా గవర్నరు రికార్డునే పట్టుకుంది. అందుకే ఇలాంటి డేటా ఇచ్చే చోట ఎవరు అడుగుతున్నారు, ఎందుకు అడుగుతున్నారు అని ముందు చూస్తారు. ఆయుష్మాన్ భారత్ కింద మనవాళ్ళ ఆరోగ్య వివరాలు కంప్యూటర్లకి ఎక్కుతున్న ఈ రోజుల్లో, ఆ జాగ్రత్త అక్కడా అంతే పట్టుగా ఉండాలి.

నాన్న కవర్లో ఒక చిన్న నోటుపుస్తకం కూడా ఉంది, బడిపిల్లలు రాసుకునేది. రోజూ బీపీ చూసుకుని తేదీ వేసి రాస్తాడు. కొన్నిచోట్ల అంకె పక్కన ఒక మాట ఉంటుంది: ‘చేలో పని, మాత్ర వేసుకోలేదు’, ‘పెళ్ళి భోజనం, ఉప్పు ఎక్కువ’. ఆసుపత్రి కంప్యూటర్లో ఆ మాత్ర రోజూ వేసుకుంటున్నట్టే ఉంది. మొన్న ఇక్కడి క్లినిక్‌లో డాక్టరమ్మ బల్లమీద ఆ పుస్తకం తెరిచి, ‘ఇది ఏం రాశారండీ?’ అని నన్నడిగింది. చదివి చెప్పాను. ఆవిడ ఒక్కో పేజీ స్కాన్ చేయించి నాన్న ఫైల్లో పెట్టించి, కింద తన మాటల్లో ఒక వాక్యం టైపు చేసింది: వారంలో రెండు మూడు రోజులు మందు తప్పుతోంది.